పైవాళ్ళు చూడని గది

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆఫీసు డ్రాయింగులు ఇంకా స్కూటర్ల మీదే తిరిగేవి. జంషెడ్‌పూర్లో ఫ్యాక్టరీలకు కన్వేయర్లూ, షెడ్లూ డిజైన్ చేసి, దగ్గరుండి కట్టించే ఒక ఇంజనీరింగ్ కంపెనీలో నాకు ఉద్యోగం. ఊళ్ళో డిజైన్ ఆఫీసు, ప్లాంటు గోడ పక్కన రేకుల షెడ్డులో సైటాఫీసు. డ్రాయింగులో ఏదైనా మార్పు చేస్తే కొత్త ప్రతి మీద కొత్త రివిజన్ నంబరు వేసి పంపేవాళ్ళం, పాతది చించెయ్యమని చెప్పేవాళ్ళం. ఎవరూ చించేవారు కాదు. పాతదాని వెనక టీ లెక్కలు రాసుకునేవారు, టేబుల్ మీద పరుచుకుని మరమరాలు తినేవారు, ఒక్కోసారి దాన్ని చూసే పని చేసేసేవారు.

అలా ఒకసారి ఒక టవరు పునాదిని పాత డ్రాయింగు ప్రకారం పోసేశారు. బోల్టులు ఉండాల్సిన చోటు నుంచి జానెడు పక్కకు వచ్చాయి. గట్టిపడిన కాంక్రీటును సుత్తులతో పగలగొట్టాల్సి వచ్చింది. సైటు ఇన్‌ఛార్జి బీహారులో ఛప్రా వైపు మనిషి, ఆజానుబాహువు. హెల్మెట్ కూడా తియ్యకుండా మా హాల్లోకి వచ్చి, రెండు డ్రాయింగులూ పక్కపక్కన పరిచి, "అబ్ బతాయియే, సహీ కౌన్‌సా హై?" అని అడిగాడు. ఏది సరైనదో మాలో వెంటనే చెప్పగలిగినవాళ్ళు లేరు. అందరం నంబర్లు వెతుక్కుంటూ వంగాం.

ఆ సాయంత్రమే మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచారు.

ఆయన గురించి ముందు చెప్పాలి. ఆఫీసులో నాకు సార్, ఇంట్లో బాబాయ్. ఆయనది శ్రీకాకుళం జిల్లా, మా నాన్నదీ అదే. చదువు పూర్తయి కొత్త ఇంజనీరుగా ఈ ఊరొచ్చినప్పుడు క్వార్టరు దొరికేదాకా కద్మాలో మా ఇంట్లోనే భోంచేశారట. నేను అప్పటికి పాకుతున్నానట. నేను ఇంజనీరింగు పాసై ఆఫీసులో చేరినప్పుడు డ్రాయింగు చదవడం నేర్పింది ఆయనే. కాలేజీలో నేర్చుకున్నది వేరు. కాగితం మీద గీత చూసి, అక్కడ నిలబడి పనిచేసేవాడి మోచెయ్యి ఎక్కడ తగులుతుందో ఊహించడం ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్నదాన్నని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉండేది.

"ఏటమ్మా, కంప్యూటర్ కోర్సేదో చేసేవు కదా బిష్టుపూర్లో," అన్నారు. "అందరూ ఒక్క చోటే చూసుకునేలాగ ఏదైనా చెయ్యగలవా? కొత్త డ్రాయింగు పెడితే పాతది ఎవడికీ కనబడకూడదు. సైటువోడు అక్కడ కూచునే చూసుకోవాలి."

"చెయ్యొచ్చు బాబాయ్," అనేసి, ఆఫీసులో ఉన్నానని గుర్తొచ్చి "సార్" అని కలిపాను. ఆయన నవ్వారు.

జెరాక్స్ మిషన్ గదిలో ఒక మూల కాస్త చోటిచ్చారు. కలకత్తా హెడ్డాఫీసు నుంచి ఒక సర్వరు వచ్చింది. దాన్ని బిగించడానికి అక్కడి కంప్యూటరు విభాగం నుంచి ఒక బెంగాలీ అబ్బాయి వచ్చి, నాకు అవసరమైనదంతా నేర్పి వెళ్ళాడు. తర్వాత ఫోన్లోనే మాట్లాడుకునేవాళ్ళం. ప్రాజెక్టు పోర్టల్ అని పేరు పెట్టాం. ఒక పక్క డ్రాయింగుల అర, అందులో ప్రతిదానికీ ఆఖరి రివిజనే కనపడుతుంది. ఇంకో పక్క ఎవరు ఏ పని చేస్తున్నారో, ఎప్పటికి ఇవ్వాలో. అడుగున చర్చకు ఒక పేజీ. ఈనాటి పిల్లలకు చెబితే ఇదా అని నవ్వుతారు. ఫోన్లోనే అన్నీ ఉన్నాయి కదా అంటారు. అప్పట్లో సైటాఫీసులో ఫోను లైను మీద ఒక్క డ్రాయింగు తెరుచుకునేలోపల ఒక టీ తాగి రావచ్చు.

నేర్పడం అన్నిటికన్నా కష్టం. సైటు ఇన్‌ఛార్జి మౌసును పిట్టను పట్టుకున్నట్టు భయంగా పట్టుకునేవాడు. పాస్‌వర్డు రహస్యంగా ఉంచుకోవాలని నేను అరగంట చెబితే, మర్నాడు దాన్ని చీటీ మీద రాసి మానిటరుకే అంటించుకున్నాడు. మా హాల్లో ఒక సీనియర్ డిజైనరు తన పనుల తేదీలు కాగితం మీద రాసి నాకిచ్చి "ఇది నీ పోర్టల్లో పడెయ్యమ్మా" అనేవాడు. నేను కోప్పడలేదు. కూర్చుని టైపు చేసి పెట్టాను. సైటుకూ ఆఫీసుకూ మధ్య స్కూటరేసుకుని తిరుగుతూ ఒక ఎండాకాలమంతా గడిపాను.

నాకు చేదోడుగా నిలిచింది మా డ్రాయింగు సెక్షన్లో ఒక అక్క. నాకన్నా పదేళ్ళకు పైగా పెద్దది. డిప్లొమా చేసి, బోర్డు మీద పెన్సిలుతో మొదలుపెట్టి, తర్వాత కంప్యూటరు మీద గీయడం నేర్చుకుంది. అగ్రికోలో ఇల్లు, భర్తకు కాంట్రాక్టు పని. వాళ్ళ తల్లిదండ్రులు ఎప్పుడో టెక్కలి వైపు నుంచి వచ్చారు. గట్టిగా నవ్వేది, గట్టిగా మాట్లాడేది. ఎవరినైనా మొహం మీదే అనేసేది. అనేసి, వాళ్ళకే తన డబ్బాలోంచి కూర పెట్టేది. సెక్షన్లో అందరికన్నా ముందు పోర్టల్ వాడింది ఆవిడే. ఆవిడ వాడుతోంది కదా అని మిగతావాళ్ళూ ఒకళ్ళొకళ్ళుగా వచ్చారు. మధ్యాహ్నం డబ్బాలు తెరిచే వేళ మేమిద్దరం ఎప్పుడూ ఒకే బల్ల దగ్గర.

డ్రాయింగుల అర బాగానే నడిచింది. చర్చ పేజీ మాత్రం ఖాళీ. నేను పెట్టిన స్వాగతం ఒక్కటే వారాల తరబడి అక్కడ వేలాడుతూ ఉండేది.

"ఎందుకక్కా ఎవరూ రాయరు?" అని అడిగాను.

"ఎవులు రాత్తారే? డ్రాయింగులో తప్పుందని రాత్తే, ఆ తప్పు ఎవులిదని అడుగుతారు. నోటితో అన్నదయితే అన్లేదని తప్పించుకోవచ్చు. నీ డబ్బాలో రాసింది ఎలగ తప్పించుకుంటాం? పైన సాహెబులందరూ సూత్తన్నారు. హమ్‌కో క్యా పడీ హై? మనకెందుకే ఈ గొడవ?"

ఆ మాటే వెళ్ళి బాబాయ్‌తో చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే వాళ్ళ కోసం వేరే గది ఒకటి తెరువు. టీమువాళ్ళే ఉండాలి. మేనేజర్లెవరూ చూడకూడదు. డిజైనువోడు, సైటువోడు, మనసులో ఉన్నది రాసుకోవాలి. తప్పులు అక్కడే బయటపడిపోవాలి, కాంక్రీటు పోసేక కాదు."

"మీరు కూడా చూడరా?"

"నాక్కూడా తాళం ఇవ్వకు," అన్నారు. "ఇచ్చేవంటే ఎవడూ రాయడు. నువ్వే వెళ్ళి అందరికీ చెప్పు. ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్ళి చెప్పు. నీ మాటయితే నమ్ముతారు."

నాకు ఆ రోజు ఎంత సంతోషం వేసిందో! మిగతా మేనేజర్లు ఇలా ఆలోచిస్తారా అనుకున్నాను. ఇంటికెళ్ళి నాన్నతో చెబితే ఆయనా మురిసిపోయాడు. "ఆడు మొదట్నించీ అంతే. కింద పనిసేసినోడి మాట ఇంటాడు," అన్నాడు.

గది తెరిచాను. ప్రతి సెక్షనుకీ వెళ్ళి, ప్రతి కుర్చీ పక్కనా నిలబడి చెప్పాను. సైటు షెడ్డులో ఫ్యాను చప్పుడులో గొంతు పెంచి చెప్పాను. టీములో లేనివాళ్ళెవరికీ ఇది తెరుచుకోదు, మేనేజరుకు కూడా లాగిన్ లేదు, కావాలంటే నా తెర మీద జాబితా చూసుకోండి. కొందరు నిజంగానే వచ్చి చూశారు. అందులో టీము పేర్లే ఉన్నాయి, ఆయన పేరు లేదు. సైటు ఇన్‌ఛార్జి నా మొహంలోకి తేరిపార చూసి, "ఆప్ బోల్ రహీ హైఁ తో ఠీక్ హై," అన్నాడు. మీరంటున్నారు కాబట్టి సరే అని.

అక్క మాత్రం వెంటనే ఒప్పుకోలేదు.

"నీకు కచ్చితంగా తెలుసా?"

"ఆయనే చెప్పారక్కా, నాక్కూడా తాళం ఇవ్వొద్దని."

"నీకు తెలుసా అని అడిగేను. ఆయన సెప్పేడా అని కాదు."

"నాకు తెలుసు," అన్నాను.

ఆ సాయంత్రమే గదిలో ఆవిడ మొదటి సంగతి రాసింది. బొగ్గు జారే తొట్టి, కరెంటు తీగల ట్రే రెండూ ఒకే చోట నుంచి వెళ్తున్నట్టు రెండు వేర్వేరు డ్రాయింగులు చూపిస్తున్నాయని. ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ. మర్నాడు సైటు నుంచి జవాబొచ్చింది. తీగలవాళ్ళు ఇంకా మొదలుపెట్టలేదు, మార్చుకోవచ్చు అని. డిజైనరు ట్రేని పక్కకు జరిపాడు. ఏ కోపాలూ లేవు, మీటింగు లేదు. పగలగొట్టాల్సినదీ ఏమీ లేదు. సైటు ఇన్‌ఛార్జి సాక్చీ నుంచి జిలేబీ పొట్లం పట్టుకొచ్చి మా హాలంతా పంచాడు.

దాని తర్వాత అందరూ రాశారు. ఆ గదికి వాళ్ళే హిందీలో కమరా అని పేరు పెట్టుకున్నారు. "కమరే మే డాల్ దో", కమరాలో పడెయ్ అనడం ఆఫీసులో మామూలు మాటైపోయింది. ఒకడు తనకు అర్థం కాని కొలత అడిగేవాడు, ఇంకొకడు తను చేసిన పొరపాటు తనే బయటపెట్టేవాడు. ఎప్పుడూ తిట్టుకునే డిజైనువాళ్ళూ సైటువాళ్ళూ ఒకరి పనిలో ఉండే కష్టాన్ని ఇంకొకరు తెలుసుకున్నారు. నేను పొద్దున్నే వచ్చి, సంచీ కింద పెట్టకుండానే ముందు కమరా తెరిచి చదివేదాన్ని. ఉద్యోగంలో అంత ఆనందం మళ్ళీ నాకు ఎప్పుడూ రాలేదు.

అక్క అక్కడా తనలాగే రాసేది. డ్రాయింగుల మీద సరిచూసినట్టు సంతకం డ్రాయింగు పూర్తవకముందే వచ్చేస్తోందని రాసింది. గీసినవాడు గీస్తాడు, చూడాల్సినవాడు చూడడు, రేపు పంపాలి కాబట్టి ఇవాళ సంతకం పెట్టేస్తారు, ఇక తప్పులు రాక ఏమవుతాయి అని. ఆ సంతకాల్లో చాలా వరకు ఎవరివో అందరికీ తెలుసు. బాబాయ్‌వి. ఆవిడ పేరు పెట్టి రాయలేదు. కింద పదిమంది అవునవునని రాశారు. నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది కానీ, మాటలో అబద్ధం లేదు. దాన్నిబట్టి పద్ధతి మార్చుకోవాలని ఆయనకు నేనే మెల్లగా, ఎవరన్నారో చెప్పకుండా చెప్పాలని అనుకున్నాను. చెప్పేలోపలే వేరేది జరిగింది.

మరుసటి ఏడాది చలికాలంలో డ్రాయింగు సెక్షన్లో మనుషులను తగ్గించమని హెడ్డాఫీసు నుంచి మాట వచ్చింది. ఊళ్ళో చాలా కంపెనీల్లో అప్పుడు అదే గాలి. తమంతట తామే తప్పుకునే పథకం అని పేరు. ఎవరు తమంతట తాము తప్పుకోవాలో నిర్ణయించి, వాళ్ళను గదిలోకి పిలిచి చెప్పేవారు. మా హాల్లో మనుషులు ఒకరి తర్వాత ఒకరు బాబాయ్ గదిలోకి వెళ్ళి వస్తున్నారు. లోపలికి వెళ్ళినప్పుడు ఉన్న మొహం బయటికి వచ్చేటప్పుడు లేదు.

నేను నా బల్ల దగ్గర కూర్చుని ఆ వెళ్ళేవాళ్ళను చూస్తున్నాను. మొదట ఏమీ తోచలేదు. తర్వాత ఒక సంగతి తోచింది. కమరాలో ఏ రోజూ ఒక్క ముక్క రాయని ఆ సీనియర్ డిజైనరు హాయిగా కూర్చుని సుపారీ నములుతున్నాడు. అతన్ని పిలవలేదు. పిలిచినవాళ్ళందరూ రాసినవాళ్ళే. ఎవరు ఎక్కువ రాశారో వాళ్ళే. కాదు, ఇది నా భ్రమ అనుకున్నాను. ఆయనకు అది తెరుచుకోదు కదా, తెరుచుకునే దారే లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

భోజనాల తర్వాత అక్కను పిలిచారు. చాలాసేపు లోపలే ఉంది. వచ్చి, తన కుర్చీ వెనకున్న శాలువ తీసి భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయింది. నేను పరిగెత్తినట్టు వెళ్ళి స్కూటర్ స్టాండు దగ్గర కలిశాను. మోపెడ్ తాళం తిప్పడం ఆవిడకు చేతకావడం లేదు.

"అక్కా, ఏటన్నారు?"

"నా మాటలు నాకే సదివి ఇనిపించేడు."

"ఏ మాటలు?"

"ఏ మాటలేటి? నీ కమరాలో రాసినయ్యి. సంతకం ముందొత్తాది, డ్రాయింగు ఎనకొత్తాది అన్నాను సూడు, అది. ఒక్క ముక్క పోకండా సదివేడు. 'ఇంత అసంతృప్తితో పనిచెయ్యడం ఎందుకమ్మా, ఇంటికాడ ఉండొచ్చు కదా' అన్నాడు. నవ్వుతూ అన్నాడే."

నేను మోపెడ్ హ్యాండిల్ పట్టుకున్నాను.

"నేను నిన్ను ఒక్కటే అడిగేను. ఆయన సెప్పేడా అని కాదు, నీకు తెలుసా అని అడిగేను. తెలుసన్నావు."

"అక్కా, నిజంగా నాకు…"

"వొద్దు. ఇప్పుడు నాతో మాటాడకు," అంది. బండి స్టార్ట్ అయింది. వెళ్ళిపోయింది.

తిరిగొచ్చి జెరాక్స్ గదిలో తలుపు వేసుకుని కలకత్తాకు ఫోన్ చేశాను. ఆ బెంగాలీ అబ్బాయే ఎత్తాడు. మా గదిలో ఏదైనా దొంగదారి ఉందా, ఎవరైనా బయటివాళ్ళు చదవగలరా అని ఆదరాబాదరాగా అడిగాను. అతను ఏ అనుమానమూ లేకుండా, నన్ను ఊరుకోబెడుతున్నట్టు చెప్పాడు.

"బయటివాళ్ళు ఎవరూ చదవలేరు మేడమ్, కంగారుపడకండి. మీ సార్ ఒక్కరికే లాగిన్ ఉంది. అదీ సర్వరు లోపలి నుంచి ఇచ్చాను కాబట్టి మీ జాబితాలో పేరు కనపడదు. గది తెరిచిన రోజే ఫోన్ చేసి పెట్టించుకున్నారు. మీకు తెలుసనుకున్నానే?"

గది తెరిచిన రోజే. అంటే, నేను ప్రతి కుర్చీ పక్కనా నిలబడి మాట ఇస్తున్న రోజున.

ఆ వారమంతా ఆఫీసులో ఆయన్ను తప్పించుకు తిరిగాను. ఆయన ఎదురైతే "ఏటమ్మా, ఒంట్లో బాలేదా?" అని ఎప్పటిలాగే అడిగారు. ఆదివారం ఉదయం సోనారిలో వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని తలుపు తీసి, నన్ను చూసి సంబరపడిపోయి, ఉప్మా పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. బాబాయ్ వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నారు. పైనుంచి ఏరోడ్రోమ్‌లో దిగబోయే చిన్న విమానం వెళ్తే, చప్పుడు ఆగేదాకా ఇద్దరం ఆగాల్సి వచ్చింది.

"మీరు కమరా మొదటి రోజు నుంచీ చదువుతున్నారా?" అన్నాను.

ఆయన కాదంటారేమోనని నాలో ఎక్కడో ఆశ. కాదంటే నమ్మేసేదాన్నేమో కూడా. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"కలకత్తా కుర్రాడు చెప్పేడా?"

"నాక్కూడా తాళం ఇవ్వొద్దన్నారు మీరు."

"నువ్వు ఇవ్వలేదు కదా? నువ్వు ఇచ్చిన మాట నువ్వు నిలబెట్టుకున్నావు. నీ తప్పేటుంది ఇందులో? నేను అక్కడ అడిగి తీసుకున్నాను. మేనేజర్నమ్మా నేను. నా కింద ఏం జరుగుతందో నాకు తెలియాలా వద్దా?"

"అయితే ఆ మాట నాతోనే చెప్పాల్సింది. నేను వాళ్ళకు చెప్పేదాన్ని."

"చెబితే వాళ్ళు రాసేవారా?" అన్నారు. విసుగు లేదు ఆ గొంతులో. డ్రాయింగు ఎలా చదవాలో చెప్పిన గొంతే అది. "నీతో చెబితే నీ మొహంలో తెలిసిపోద్ది. నీకు దాచడం రాదు. చిన్నప్పట్నుంచీ చూస్తన్నాను కదా. నువ్వు నమ్మితేనే నిన్ను చూసి వాళ్ళు నమ్ముతారు. అందుకే నిన్ను పంపేను."

ఆ మాట అన్నాక ఆయన నా వైపు ఒక రకమైన మెచ్చుకోలుతో చూశారు. నన్ను పొగిడాననే అనుకున్నారు. పదిమందిలో నన్నే ఎందుకు ఎంచుకున్నారా అని నేను ఇన్నాళ్ళూ మురిసిపోతూ వచ్చాను. పని బాగా చేస్తానని అనుకున్నాను. కాదు. నాకు అబద్ధం ఆడటం రాదు కాబట్టి, నా చేత నిజమనుకుంటూ అబద్ధం చెప్పించారు.

"అక్కను తీసేశారు," అన్నాను.

"ఎవర్నో ఒకర్ని తీయాలి. పనితో సంతోషంగా లేనివాళ్ళని తీయడం న్యాయం కాదా? నువ్వు ఇంకా చిన్నపిల్లవి. కొన్నాళ్ళు పోతే నీకే తెలుస్తాది."

పిన్ని ఉప్మా తెచ్చింది. నేను లేచి నిలబడ్డాను. "ఏటే, తినకండా ఎల్లిపోతన్నావు?" అంటూ ఆవిడ గేటు దాకా వచ్చింది. ఆవిడకేమీ తెలియదు. ఆవిడకు ఏం చెప్పాలో తోచక, తలనొప్పిగా ఉందన్నాను.

సోమవారం ఆఫీసుకు వెళ్ళి, కమరాలో అందరికీ కనపడేలా రాశాను. ఈ గదిని మేనేజరు మొదటి రోజు నుంచీ చదువుతున్నారు, నాకు ఇప్పుడే తెలిసింది, ఇక్కడ ఇక ఏమీ రాయకండి అని. అది రాయడం సులువే. కానీ నోటితో ఇచ్చిన మాటను నోటితోనే వెనక్కు తీసుకోవాలనిపించింది. మళ్ళీ ప్రతి సెక్షనుకీ వెళ్ళాను. మళ్ళీ అవే కుర్చీల పక్కన నిలబడ్డాను. కొందరు నవ్వి ఊరుకున్నారు, మాకు ముందే అనుమానం అన్నారు. ఇద్దరు ముగ్గురు నా మొహం కూడా చూడలేదు. సుపారీ నమిలే డిజైనరు మాత్రం "నేనందుకే రాయలేదమ్మా" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

సైటు ఇన్‌ఛార్జి అంతా విని, మానిటరుకు అంటించుకున్న ఆ పాస్‌వర్డు చీటీ పీకి, నలిపి, డస్ట్‌బిన్‌లో పడేశాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది. మర్నాటి నుంచి సైటు నుంచి మళ్ళీ స్కూటరు మీద మనిషి రావడం మొదలైంది.

బాబాయ్ నన్ను పిలిచి కోప్పడలేదు. అది ఆయన పద్ధతి కాదు. మా ఇంటికి వెళ్ళి నాన్నతో చెప్పారు. నేను ఇంటికి వచ్చేసరికి నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. తాగకుండా వదిలేసిన టీ కప్పు ఆయన పక్కనే ఉంది.

"మీ బాబాయ్ వచ్చేడు. ఆఫీసు పరువు తీసేవంటన్నాడు. ఏటయింది?"

చెప్పాను. మధ్యలో అమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడి వింది. నాన్న ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయిన మనిషి. పైవాడి మాట అంటే ఆయనకు గౌరవం. పైగా ఆ పైవాడు తన ఇంట్లో అన్నం తిన్నవాడు. ఆయన ఆ టీ కప్పును కాస్త దూరం జరిపాడు.

"ఆడికి అలగ సదవాలనుంటే సదువుకోవచ్చు. ఆడి ఆఫీసు," అన్నాడు చివరకు. "నీ నోటితో ఆ మాట ఎందుకు సెప్పించేడు? నా కూతురే దొరికిందా ఆడికి?"

అంతే అన్నాడు. ఆ తర్వాత బాబాయ్ ఫోన్ చేస్తే నాన్న క్షేమసమాచారాలు మాట్లాడేవాడు, పెట్టేసేవాడు. పండక్కి వాళ్ళింటికి వెళ్ళడం మాత్రం మానేశాడు. అమ్మ ఒకటి రెండుసార్లు పోదామంది. నాన్న కదల్లేదు.

అక్క సెలవు తీసుకునే రోజున సెక్షన్లో చిన్న టీ పార్టీ పెట్టారు. బాబాయ్ వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పి, ఆవిడకు శాలువ కప్పారు. ఆవిడ దణ్ణం పెట్టింది. అందరూ వెళ్ళాక నేను ఆవిడ బల్ల దగ్గరకు వెళ్ళాను. సొరుగులో ఉన్న స్కేళ్ళూ, దువ్వెనా, ఒక పాత స్వెటరూ సంచిలో వేసుకుంటోంది.

"నాకు నిజంగా తెలియదక్కా," అన్నాను.

"తెల్దని నాకు తెలుసే," అంది. సంచీ మూతి ముడి వేస్తూ, నా వైపు చూడకుండానే. "నువ్వు దొంగవని నేనన్లేదు. నువ్వు నమ్మేవు, నిన్ను నమ్మి నేను రాసేను. నీ ఉద్యోగం ఉంది, నాది నేదు. అంతకన్నా నాకు ఏటనాలో తెలట్లేదు."

నేను సంచి పట్టుకోబోతే ఇవ్వలేదు.

వేసవిలో కలకత్తాలో పెద్ద సమావేశం జరిగింది. మా పోర్టల్‌ను మిగతా ఊళ్ళలోని ప్రాజెక్టులకు ఆదర్శంగా చూపించారు. బాబాయ్ వేదిక మీద నిలబడి, తప్పులు ఎలా తగ్గాయో, మనుషులు ఎలా మనసు విప్పి రాశారో చెప్పారట. వచ్చాక నన్ను పిలిచి, దుర్గాపూర్‌లోనూ రౌర్కెలాలోనూ కూడా నేనే వెళ్ళి పెట్టాలన్నారు. "నీలాగ ఎవరూ చెప్పలేరు. అక్కడ కూడా నువ్వే మాట్లాడాలి జనంతో," అన్నారు.

"నేను వెళ్ళను సార్," అన్నాను. అప్పటికే నాకు ఇంట్లోనూ ఆఫీసులోనూ ఆయన సారే.

ఆయన బలవంతం చెయ్యలేదు. కొద్ది రోజులకే నన్ను కొనుగోళ్ళ విభాగానికి మార్చారు. అక్కడ నట్లకూ బోల్టులకూ కొటేషన్లు తెప్పించే పని. డ్రాయింగులతో సంబంధం తెగిపోయింది. అది శిక్ష అని ఎవరూ అనలేదు. ఆయనకు తర్వాత హెడ్డాఫీసులో ఇంకా పెద్ద పదవి వచ్చింది. కలకత్తా వెళ్ళేముందు వాళ్ళింట్లో పెట్టిన విందులో నన్ను పిలిచి, తల మీద చెయ్యి వేసి, "ఇంకా కోపమేనా?" అని నవ్వారు. పదిమంది చూస్తున్నారు. చిన్నపిల్ల అలక తీరుస్తున్న పెద్దమనిషిలా ఉన్నారు. ఆ చెయ్యి తియ్యమని అనలేక, పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఈ రోజుకీ నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. ఆయన చేసింది మోసమని ఆయనకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

కమరాను తర్వాత ఎవరో మూసేశారు. పోర్టల్‌లో డ్రాయింగుల అర మాత్రం చాలా ఏళ్ళు నడిచింది. చర్చ పేజీలో పుట్టినరోజు శుభాకాంక్షలు, రక్తదాన శిబిరం సమాచారం వచ్చేవి.

అక్క కొన్నాళ్ళకు ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో డ్రాయింగుల పనికి కుదిరింది. ఇప్పటికీ సాక్చీ బజార్లో కనబడుతుంది. నన్ను చూస్తే ఆగుతుంది. మొహం తిప్పుకునే మనిషి కాదు. పిల్లలెలా ఉన్నారని అడుగుతుంది, కాకరకాయలు ఏ కొట్లో లేతగా ఉన్నాయో చెబుతుంది, మా అమ్మ మోకాళ్ళ నొప్పికి ఏదో తైలం పేరు చెబుతుంది. ఒకసారి తన వర్క్‌షాపులో పని ఎలా ఉందని అడిగాను. అక్కడి మేనేజరు ఎలాంటివాడని అడిగాను. ఆ అక్కే, ఎవరినైనా మొహం మీదే అనేసే మనిషే, అటూ ఇటూ ఒకసారి చూసి, "బాగానే ఉందే. అంతా బాగానే ఉంది," అంది. అని, కాకరకాయలు ఏరుకోవడంలో పడింది.